పాత మోటార్లు కలిపితే కొత్త పేటెంటా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్‌ని విప్పితే కనిపించేవి మోటారు, గేర్ బాక్స్, షాఫ్ట్, రెక్కలు. నిమిషానికి 1400 పైచిలుకు తిరిగే మోటారు వేగాన్ని వందకు అటూ ఇటూగా తగ్గించేది గేర్ బాక్సే. ఆయిల్ మార్చాలి, సీల్ పోతే ఉప్పునీరు లోపలికి దిగుతుంది, సీజన్ మధ్యలో ఆగితే రైతుకి రాత్రంతా టెన్షనే. ఆ గేర్ బాక్స్ తీసేసి, లిఫ్టుల్లో వాడే శాశ్వత అయస్కాంత మోటారుని నేరుగా షాఫ్టుకి బిగించి రేపు ఎవరైనా పేటెంటు అడిగితే ఇవ్వాలా? అంతమాత్రానికైతే ఇవ్వకూడదంటాను.

లిఫ్టు మోటార్లలోనూ తగవు ఇదే. గేర్లు లేని లిఫ్టుని ఓటిస్ 1903లోనే తెచ్చింది. అయస్కాంత మోటార్లు, పళ్లెంలా పలచగా ఉండే మోటార్లు కూడా పాతవే. 1996లో కోనే కంపెనీ అలాంటి పలచటి మోటారుని లిఫ్టు నడిచే గోతిలోనే అమర్చి, మేడ మీద మెషిన్ రూమ్ అవసరమే లేకుండా చేసింది. ఇలాంటి దాన్ని భాగాలుగా విడగొట్టి 'అన్నీ పాతవేగా' అనడం తేలిక. ఎవరో చేసి చూపించాక అందరికీ తెలిసినట్టే ఉంటుంది. అందుకే అడగాల్సింది వేరు. వాటిని కలపాలని ఆ పనిలో ఉన్నవాడికి అప్పట్లో ఇట్టే తట్టేదా? కలిపాక విడివిడిగా రాని ఫలితం ఏమైనా వచ్చిందా?

మన సుప్రీంకోర్టు 1978లో పాత్రలు తయారుచేసే లేత్ పరికరం కేసులో దాదాపు ఇదే గీటురాయి పెట్టి పేటెంటుని నిలబెట్టలేదు. తెలిసిన వస్తువుల్ని పక్కపక్కన పేర్చి, దేని పని అది చేసుకుంటూ ఉంటే అది ఆవిష్కరణ కాదని పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎఫ్) కూడా చెబుతోంది. అమెరికా సుప్రీంకోర్టు 2007లో కారు పెడల్ కేసులో, నిపుణుడికీ కాస్త సొంత ఆలోచన ఉంటుందని గుర్తుచేసింది. మన లేత్ షాపు మేస్త్రీలకి ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది.

నెమ్మదిగా తిరిగేదానికి గేర్లు లేని మోటారు పెట్టొచ్చని మోటార్ల పని తెలిసినవాడికి తట్టకుండా ఉండదు. ఉప్పునీటిలో అయస్కాంతాలు తుప్పుపట్టకుండా, మోటారు వేడెక్కకుండా కొత్త అమరిక ఎవరైనా కనిపెడితే ఆ అమరిక వరకు పేటెంటు న్యాయమే. చెరువులో మోటారు తిప్పే హక్కు మొత్తం దాని పేరిట పోకూడదు.

దరఖాస్తు ప్రచురించాక, పేటెంటు ఇచ్చేలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. మన రాష్ట్రం చెన్నై పేటెంటు ఆఫీసు కిందికి వస్తుంది. దరఖాస్తు తేదీకి ముందే ఆ పద్ధతి బహిరంగంగా వాడుకలో ఉందని చూపడానికి తేదీ ఉన్న బిల్లు, ఫొటో, పాత క్యాటలాగ్ పనికొస్తాయి. ఏరియేటర్లు తయారుచేసేవాళ్లు వాటిని ఇప్పటినుంచే దాచుకోవాలి. పేటెంటు వచ్చినట్టు ప్రచురించాక అభ్యంతరం చెప్పడానికి గడువు ఒక్క ఏడాదే, అదీ ఆ రంగంతో సంబంధం ఉన్నవాళ్లకే.