చిట్టా రాయని వీపీఎన్‌కే విలువ

వీపీఎన్ అంటే మీ ఇంటర్నెట్ రాకపోకలను తన సర్వర్ మీదుగా మళ్లించే సేవ. వీపీఎన్ ప్రకటనలు చెప్పే మాట ఎప్పుడూ ఒక్కటే: బటన్ నొక్కండి, ఆన్‌లైన్‌లో మీరెవరో ఎవరికీ తెలియదు. ఈ మాట నిజం కాదు. ఇన్నాళ్లూ మీ ఇంటర్నెట్ కంపెనీకి కనిపించినవి ఇకపై దానికి కనిపించవు, అంతవరకు సరే. కానీ అవన్నీ ఇప్పుడు వీపీఎన్ కంపెనీ సర్వర్ మీదుగా వెళ్తాయి. చూసే అవకాశం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారింది, అంతే. అందుకే వీపీఎన్ మంచిదా, చెడ్డదా అన్న చర్చ నా దృష్టిలో దండగ. రేపు ఎవరైనా కోర్టు ఆర్డరు పట్టుకుని వస్తే ఆ కంపెనీ దగ్గర మీ గురించి ఇవ్వడానికి ఏముంటుంది? ముందు తేల్చుకోవాల్సింది ఇది. వేగం, సర్వర్ల సంఖ్య, ఎన్ని ఫోన్లలో వాడుకోవచ్చు అన్నవన్నీ ఆ తర్వాతే.

ఫైల్ షేరింగ్ చేసేవాళ్లకు వీపీఎన్ నిజంగానే అవసరం. 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టోరెంట్‌లో ఫైల్ ఒక పెద్ద సర్వర్ నుంచి రాదు. కావాల్సినవాళ్లే ముక్కలు ముక్కలుగా ఒకరికొకరు పంచుకుంటారు. పంచుకోవాలంటే ఒకరి అడ్రస్ ఇంకొకరికి తెలియాలి. డౌన్‌లోడ్ నడుస్తున్నప్పుడు టోరెంట్ సాఫ్ట్‌వేర్‌లో పీర్స్ (మీతో ఫైల్ పంచుకుంటున్నవాళ్లు) అనే ట్యాబ్ తెరిచి చూడండి. వరసగా ఐపీ అడ్రస్‌లు (ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ను గుర్తించే నంబర్లు), కొన్నింటిలో పక్కనే దేశం జెండా, ఎవరు ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, ఎవరి దగ్గర ఫైల్ ఎంత శాతం ఉంది, ఎంత వేగంతో వెళ్తోంది అన్నీ కనిపిస్తాయి. అవతలివాళ్ల తెర మీద మీ వరస కూడా అలాగే ఉంటుంది.

కాపీరైట్ యజమానుల తరఫున నిఘా పెట్టే సంస్థలకు ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. వాళ్లూ అదే గుంపులో చేరతారు, ఆ జాబితాను టైముతో సహా రాసుకుంటారు. ఆ ఐపీ ఏ ఇంటర్నెట్ కంపెనీదో క్షణాల్లో తెలుస్తుంది. ఆ టైముకి ఆ ఐపీ ఏ కనెక్షన్‌కి ఇచ్చారో కంపెనీ రికార్డులు చెబుతాయి. దీనికి హ్యాకింగ్ అక్కర్లేదు, ఎవరి కంప్యూటర్‌లోకీ దూరక్కర్లేదు. మీరు వీపీఎన్ వెనక ఉంటే ఆ వరసలో మీ ఐపీ బదులు వీపీఎన్ సర్వర్ ఐపీ ఉంటుంది. సాధారణంగా అదే ఐపీని ఒకేసారి ఎంతోమంది వాడుతుంటారు.

ఇక్కడ తరచూ వినిపించే అభ్యంతరం ఒకటుంది. తప్పు చేయనివాళ్లకు దాక్కోవాల్సిన పనేంటి, ఇదంతా పైరసీకి అండ కాదా అని. కాపీరైట్ ఉన్న సినిమాను అనుమతి లేకుండా పంచడం వీపీఎన్ ఉన్నా తప్పే, లేకపోయినా తప్పే. ఐపీ మారినంత మాత్రాన చట్టం మారదు. అయితే లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఫైళ్లను టోరెంట్‌లో ఇవ్వడం ఏళ్లుగా ఉన్నదే, ఆన్‌లైన్ గ్రంథాలయమైన ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుంచి తన భాండాగారాన్ని టోరెంట్ల రూపంలో కూడా ఇస్తోంది. ఆ ఫైళ్లు తీసుకునేవాళ్ల అడ్రస్‌లు కూడా ముక్కూమొహం తెలియనివాళ్ల తెరల మీదే కనిపిస్తున్నాయి. ఏ తప్పూ చేయకపోయినా నా ఇంటి కనెక్షన్ వివరం ఊరందరికీ ఎందుకు తెలియాలి?

డబ్బు కట్టి వీపీఎన్ తీసుకున్నవాళ్లు కూడా ఒక చోట దెబ్బతింటుంటారు. రాత్రి డౌన్‌లోడ్ పెట్టి నిద్రపోతారు. మధ్యలో వైఫై ఒక్కసారి తెగి మళ్లీ కలుస్తుంది. ల్యాప్‌టాప్ ముందు మామూలు ఇంటర్నెట్‌కి కలుస్తుంది, వీపీఎన్ మళ్లీ కనెక్ట్ కావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. టోరెంట్ సాఫ్ట్‌వేర్ ఆ కొన్ని సెకన్లు ఆగదు. దొరికిన దారి పట్టుకుని అసలు ఐపీతోనే పీర్లను పలకరించేస్తుంది. జాబితాలో ఎక్కడానికి ఆ కాస్త సమయం చాలు. వీపీఎన్ యాప్‌లో కిల్ స్విచ్ (వీపీఎన్ తెగగానే ఇంటర్నెట్‌నే ఆపేసే ఏర్పాటు) ఆన్ చేసుకోమనేది ఇందుకే. అంతకన్నా గట్టి పద్ధతి క్యూబిట్‌టోరెంట్ లాంటి టోరెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ దగ్గర వీపీఎన్‌ది మాత్రమే ఎంచుకోవాలి. అప్పుడు వీపీఎన్ తెగితే టోరెంట్ కూడా ఆగిపోతుంది. ఈ ఒక్క సెట్టింగ్ గురించి చెప్పే ప్రకటన ఒక్కటి కూడా నాకు ఇంతవరకు కనిపించలేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. చిట్టా, అంటే లాగ్స్. ఎవరు, ఎప్పుడు, ఏ ఐపీ నుంచి కనెక్ట్ అయ్యారు అన్న రికార్డు. దాదాపు ప్రతి వీపీఎన్ కంపెనీ వెబ్‌సైట్‌లోనూ నో లాగ్స్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ అక్షరాలకు ఎంత విలువ ఇవ్వాలో చరిత్రే చెబుతోంది.

2011లో సోనీ పిక్చర్స్ వెబ్‌సైట్‌పై జరిగిన హ్యాకింగ్ కేసులో లల్జ్‌సెక్ ముఠాకు చెందిన వ్యక్తి దొరికిపోవడానికి హైడ్‌మైయాస్ అనే వీపీఎన్ ఇచ్చిన వివరాలు సాయపడ్డాయి. కోర్టు ఉత్తర్వు వచ్చింది, కంపెనీ దగ్గర రికార్డు ఉంది, ఇచ్చేసింది. 2016లో అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ విచారణలో ఐపీవానిష్ తన కస్టమర్ కనెక్షన్ వివరాలు అందజేసిన సంగతి 2018లో బయటపడింది. మేం ఏ లాగ్స్ ఉంచుకోం అని ఆ కంపెనీ అంతకుముందు చెప్పుకుంది. 2017లో ప్యూర్‌వీపీఎన్ వంతు. ఒక యువతిని ఆన్‌లైన్‌లో వేధించిన కేసులో, ఒకే కస్టమర్ రెండు ఐపీల నుంచి లాగిన్ అయ్యాడని ఆ కంపెనీ రికార్డులు ఎఫ్‌బీఐకి చూపించాయి. ఒకటి అతని ఇంటిది, రెండోది అతను పనిచేసే ఆఫీసుది.

ఈ కేసుల్లో నిందితుల మీద నాకు ఏ సానుభూతీ లేదు, వేధించినవాడు పట్టుబడాల్సిందే. నేను మాట్లాడుతున్నది మిగతా కస్టమర్ల గురించి. తన పని తాను చేసుకుంటూ, రికార్డు ఉండదన్న మాట నమ్మి డబ్బు కట్టినవాళ్ల గురించి. పోలీసులు అడిగితే దొరికిన రికార్డు హ్యాకర్ చొరబడితేనూ దొరుకుతుంది, కంపెనీ చేతులు మారితే కొత్త యజమానికీ దొరుకుతుంది. 2020లో యూఎఫ్‌ఓ వీపీఎన్‌తో పాటు మరికొన్ని ఉచిత వీపీఎన్‌ల డేటా ఎవరైనా చూడగలిగేలా ఇంటర్నెట్‌లో పడి ఉన్నట్టు తేలింది. లాగ్స్ ఏవీ ఉంచుకోం అని చెప్పుకున్న కంపెనీలే అవి.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణలూ ఉన్నాయి. ఏ కంపెనీ మాటనైనా తూచడానికి నేను వీటినే కొలతగా పెట్టుకుంటాను. టర్కీలో రష్యా రాయబారి హత్య కేసు విచారణలో పోలీసులు ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ సర్వర్‌నే స్వాధీనం చేసుకున్నారు. అందులో పనికొచ్చే సమాచారం దొరకలేదు. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు సెర్చ్ వారెంట్‌తో గోథెన్‌బర్గ్‌లోని ముల్వాద్ అనే వీపీఎన్ కంపెనీ ఆఫీసుకు వెళ్లారు. కస్టమర్ల డేటా ఉన్న కంప్యూటర్లు తీసుకెళ్లాలని వచ్చారు. మా దగ్గర అలాంటి డేటా ఉండదని సిబ్బంది తమ సిస్టం ఎలా పనిచేస్తుందో వివరించారు. పోలీసులు ఉత్తి చేతులతో వెనక్కి వెళ్లారు. ముల్వాద్‌లో ఖాతా తెరవడానికి పేరు, ఈమెయిల్ ఏదీ అడగరు. 16 అంకెల నంబరు ఒకటి ఇస్తారు, కావాలంటే డబ్బు కవర్లో పెట్టి పోస్టులో పంపొచ్చు. అక్కడ కస్టమర్‌ను కాపాడింది ఆ కంపెనీ మంచితనం ఒక్కటే కాదు. ముందు నుంచీ రాసుకోకుండా ఉండేలా కట్టుకున్న పద్ధతి. యజమాని మారినా, ఉద్యోగి బెదిరినా, రాయని చిట్టాను ఎవరూ బయటపెట్టలేరు కదా.

ఉచిత వీపీఎన్‌ల జోలికి అసలు వెళ్లొద్దు. 2013లో ఫేస్‌బుక్ కొన్న ఒనావో, డేటా కాపాడే యాప్‌గా జనం ఫోన్లలో చేరింది. వాళ్లు ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారో గమనించి ఫేస్‌బుక్‌కి పోటీదారుల ఆనుపానులు చేరవేసింది. 2018లో యాపిల్ అభ్యంతరం చెప్పాక యాప్ స్టోర్ నుంచి తొలగింది. హోలా అనే ఉచిత వీపీఎన్ వాడేవాళ్ల కనెక్షన్‌ను ఆ కంపెనీ వేరేవాళ్లకు అమ్ముతోందని 2015లో బయటపడింది. అంటే మీ ఐపీ మీదుగా ఎవరో ఏదో చేస్తారు, వేలు మాత్రం మీవైపు చూపిస్తుంది. ఇంటర్నెట్ కంపెనీ నుంచి తప్పించుకోవడానికి ఇలాంటివాటిని ఆశ్రయిస్తే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

రివ్యూలు చదివి ఎంచుకుందామంటే అక్కడా చిక్కే. సైబర్‌గోస్ట్, ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్ అనే వీపీఎన్‌లను సొంతం చేసుకున్న కేప్ టెక్నాలజీస్ 2021లో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్‌ను 93.6 కోట్ల డాలర్లకు కొంది. అదే ఏడాది వీపీఎన్‌మెంటార్ లాంటి రివ్యూ సైట్లు నడిపే కంపెనీని కూడా కొంది. సరుకు అమ్మేవాడే సరుకు నాణ్యత మీద తీర్పు చెప్పే చోటు కూడా కొనుక్కుంటే కొనేవాడు ఎవరిని నమ్మాలి?

పైగా ఇంత చేసినా ట్రాకింగ్ ఆగదు. వీపీఎన్ ఆన్ చేసి గూగుల్ ఖాతాలో లాగిన్ అయితే మీరెవరో గూగుల్‌కి తెలుసు. ఫాంట్లు, స్క్రీన్ సైజు, బ్రౌజర్ వెర్షన్ లాంటివి కలిపి చూస్తే ఒక్కో బ్రౌజర్‌ను విడిగా గుర్తుపట్టొచ్చు. 2010లో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఈఎఫ్‌ఎఫ్ అనే సంస్థ జరిపిన పరిశీలనలో 83.6 శాతం బ్రౌజర్లు ఇలా దేనికది ప్రత్యేకంగా తేలాయి. వీటిని వీపీఎన్ తాకను కూడా తాకదు.

ఇక్కడే నాకు కోపం వస్తుంది. ప్రైవసీ నెలనెలా చందా కట్టి కొనుక్కోవాల్సిన వస్తువు ఎందుకైంది? 2017 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ఇంటర్నెట్ కంపెనీలకు ముకుతాడు వేసే నిబంధనను అమల్లోకి రాకముందే రద్దు చేసింది. కస్టమర్ల బ్రౌజింగ్ వివరాలు వాడుకోవాలన్నా, పంచుకోవాలన్నా వాళ్ల అనుమతి తీసుకోవాలని చెప్పిన నిబంధన అది. ప్రభుత్వం కాపాడాల్సిన హక్కును వదిలేసింది, వీపీఎన్ కంపెనీలు దాన్ని ప్యాకేజీ చేసి అమ్ముకున్నాయి. కట్టగలిగినవాడికి కాస్త చాటు దొరికింది, కట్టలేనివాడు ఉచిత వీపీఎన్ వలలో పడ్డాడు.

కొన్ని ప్రభుత్వాలు ఇంకో అడుగు ముందుకేసి చిట్టా తప్పనిసరిగా రాయమంటున్నాయి. 2022 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేర్లు, అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు, ఐపీలు అయిదేళ్లు దాచాలి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ భారత్‌లోని తమ సర్వర్లు ఎత్తేశాయి. నేరాలు పట్టుకోవడానికే ఈ నిబంధన అంటారు. కానీ చిట్టా రాయనన్నవాళ్లు సర్వర్లు సర్దుకుని వెళ్లిపోతే చివరికి అక్కడ మిగిలేది రాయడానికి ఒప్పుకున్నవాళ్లే. యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2014 ఏప్రిల్‌లో సరిగ్గా దీనికి ఎదురు దిశలో తీర్పిచ్చింది. ఎవరిమీదా అనుమానం లేకుండా అందరి ఫోన్, ఇంటర్నెట్ రికార్డులూ నెలల తరబడి దాచమన్న ఆదేశాన్ని కొట్టేసింది. వీపీఎన్ కంపెనీల మీద పెట్టాల్సిన నిబంధన ఏదైనా ఉంటే అది ఇలా ఉండాలి: నో లాగ్స్ అని ప్రకటించే ప్రతి కంపెనీ బయటి ఆడిటర్లతో తన సర్వర్లు తనిఖీ చేయించి, ఆ నివేదికను అందరికీ కనిపించేలా పెట్టాలి. చిట్టా దొరికితే, చందా కట్టిన ప్రతి కస్టమర్‌కీ డబ్బు వాపసు ఇవ్వాలి.