టరాస్క్ గారు నక్కి ఉన్నారు, గమనించకండి

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని ఐదో ఎడిషన్ ఆడేవాళ్లందరికీ శుభవార్త. మీ ఒళ్లు ఎంతదైనా సరే, దాక్కోవడానికి అడ్డు కాదు. 2014లో వచ్చిన నియమాలు ఈ విషయంలో మహా ఉదారం. ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి, డెక్స్టెరిటీ (చురుకుదనం) అంకెను బట్టి వచ్చే మాడిఫయర్ కలపాలి, స్టెల్త్‌లో (దాక్కునే విద్యలో) ప్రొఫిషియెన్సీ, అంటే తర్ఫీదు, ఉంటే అదీ కలపాలి. అంతే. మీ సైజెంత అని ఎవరూ అడగరు. అడగడం అమర్యాద కాబోలు.

ఈ సమదృష్టి ఎంత దూరం వెళ్లిందో చూడండి. ఆటలోని మృగాల లెక్కలన్నీ ఉండే మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఎలుకకు డెక్స్టెరిటీ 11. టరాస్క్‌కూ 11. టరాస్క్ గారితో పరిచయం లేనివాళ్ల కోసం: ఎత్తు 50 అడుగులు, పొడవు 70 అడుగులు, ఊళ్లకు ఊళ్లు మింగడం వారి వృత్తి. 11కు మాడిఫయర్ సున్నా. అంటే గాదె కింద నక్కడంలో ఎలుకా టరాస్కూ సమఉజ్జీలు. ఏనుగుకు డెక్స్టెరిటీ 9, కాబట్టి ఒకే ఒక్క పాయింటు కోత. అదే మీరు దూది కుట్టిన ప్యాడెడ్ ఆర్మర్ తొడుక్కున్నారనుకోండి, పాచిక రెండుసార్లు వేసి తక్కువ పడ్డది తీసుకోవాలి. ఏనుగుగా పుట్టడం తప్పు కాదు గానీ దూది చొక్కా వేసుకోవడం మహాపరాధం.

2003 నాటి మూడున్నర ఎడిషన్‌లో ఇంత గొప్ప మనసు లేదు. అక్కడ మనిషి సైజు దగ్గర సున్నా పెట్టి, ఒక్కో సైజు పెరిగినకొద్దీ హైడ్ (దాక్కోవడం) నైపుణ్యంలో నాలుగు కోసేవారు, తగ్గినకొద్దీ నాలుగు కలిపేవారు. ఎలుకకు 8 లాభం. టరాస్క్‌కు 16 నష్టం. పైగా చప్పుడు చెయ్యకుండా నడవడం వేరే నైపుణ్యం, దానికి సైజుతో పని లేదు. కుప్పం, పలమనేరు వైపు రాత్రిపూట పొలంలోకి ఏనుగులు దిగితే ఎంత నిశ్శబ్దంగా దిగుతాయో అక్కడి రైతును అడగండి. వినపడకపోవడం వేరు, కనపడకపోవడం వేరు. ఈ ముక్క అప్పట్లో పుస్తకం రాసినవాళ్లకు తెలుసు. తర్వాత రెండింటినీ కలిపి స్టెల్త్ అని ఒకే పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు.

మన హనుమంతుడికి ఐదో ఎడిషన్ అంది ఉంటే ఎంత శ్రమ తప్పేది! పాపం పొద్దుగూకేదాకా ఆగి, పిల్లి అంత అయ్యి, అప్పుడు లంకలో అడుగుపెట్టాడు. అయినా లంకిణి పట్టేసింది. వెతక్కపోయినా పసిగట్టే శక్తి, ఆట భాషలో పాసివ్ పర్సెప్షన్, అంటే అదీ.

ఇక పాస్ వితౌట్ ట్రేస్ అనే మంత్రం ఉంది. డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలు వేసే పాత్ర) వేస్తే స్టెల్త్‌కు 10 కలుస్తుంది, అడుగుజాడలు కూడా మిగలవు. మామూలు పల్లెటూరి మనిషి పాసివ్ పర్సెప్షన్ 10. టరాస్క్ పక్కన ఎవరో పిచ్చి డ్రూయిడ్ నిలబడి ఈ మంత్రం వేశాడనుకుందాం. తెల్లవారుజాము, దట్టమైన పొగమంచు. పాచికలో 1 పడినా మొత్తం 11, ఊరివాళ్ల 10 కంటే ఎక్కువే. టరాస్క్ గారు ఊళ్లోకి వేంచేస్తారు. పాలు పితుకుతున్న ముసలాయన తలెత్తడు. సత్రం వెనక గల్లీలో వారు ఒత్తిగిలి తప్పుకుంటారు. తోక కంచెకు తగలకుండా ఎత్తి పట్టుకుంటారు. కుక్క మొరగదు. బావి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కోడలి సంగతులు చెప్పుకుంటుంటే వారు కాసేపు ఆగి విని మరీ ముందుకు కదులుతారు. పొద్దెక్కాక చూస్తే మట్టిలో ఒక్క కాలిముద్ర ఉండదు. సత్రం కూడా ఉండదనుకోండి, అది వేరే విషయం.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ మొన్న మా బల్ల మీద నవ్వు రాలేదు. ఆటలో చిత్తడి నేలలో పోతున్నాం. ఏన్షియంట్ బ్లాక్ డ్రాగన్ మీద పడింది. స్టెల్త్ పాచికకు దానికి కలిసేది 9, పుట్టుకతోనే నక్కి బతికే గాబ్లిన్ అనే పొట్టి పిశాచికి 6. నీళ్లలో మునిగి ఉందంటే నోరు మూసుకునేవాణ్ణి. మా డీఎం, అంటే ఆట నడిపే డంజన్ మాస్టర్, దాన్ని ఒక ఎండిన చెట్టు వెనక పెట్టాడు. రెక్కలతో సహా. "రూల్ రా, మీ పర్సెప్షన్ చాల్లేదు" అన్నాడు.

రెండు రౌండ్లయ్యాక, మాలో కొత్తగా చేరిన అమ్మాయి, లైట్‌ఫుట్ హాఫ్లింగ్ అనే పొట్టి జాతి పాత్ర ఆడుతోంది, మా ఫైటర్ (యోధుడి పాత్ర) వెనక దాక్కుంటానంది. తనకంటే ఒక సైజు పెద్దవాళ్ల చాటున దాక్కోవచ్చని ఆ జాతికి పుస్తకంలో అచ్చుగుద్ది ఉంది. "అన్నా, నా పాత్ర షీట్‌లో రాసుంది" అని చూపించింది కూడా. "అందరూ చూస్తుండగా ఎలా దాక్కుంటావమ్మా, కాస్త లాజిక్ ఉండాలి కదా" అన్నాడు డీఎం.

లాజిక్! ఇరవై అడుగుల చదరం ఆక్రమించే జంతువు కట్టెపుల్ల చాటున నిలబడ్డప్పుడు ఏ గంగలో కలిసింది ఆ లాజిక్? మూడడుగుల పిల్ల తన హక్కు తాను అడిగేసరికి గుర్తొచ్చిందా? పెద్దదానికి రూలు, చిన్నదానికి ఇంగితం. ఆ అమ్మాయి షీటు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ తర్వాత ఆట అయిపోయేదాకా తన వంతు వచ్చిన ప్రతిసారీ "కొడతాను" అని తప్ప ఇంకోమాట అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

2024లో నియమాలు మళ్లీ రాశారు. దాక్కోవాలంటే కనీసం 15 రావాలట, దట్టమైన చీకటో మంచో, లేదంటే కనీసం ముప్పావు వంతు కప్పే చాటో ఉండాలట, శత్రువు కంటికి ఆనకూడదట. ఇన్ని రాసినవాళ్లు సైజు పేరెత్తితే ఒట్టు.

అందుకని పాత లెక్కనే ఒక చీటీ మీద రాసి మా డీఎం చేతికిచ్చాను: సైజు పెరిగితే నాలుగు తగ్గించు, తగ్గితే నాలుగు కలుపు. చదివి, నవ్వి, జేబులో పెట్టుకున్నాడు.

"సొంత రూల్స్ వద్దురా. పుస్తకంలో ఏముందో అదే ఆడదాం."