మహారాజశ్రీ క్వాంటైజ్ బటన్ గారికి

మహారాజశ్రీ క్వాంటైజ్ బటన్ గారి దివ్యసముఖమునకు, హైదరాబాదులో పాటలకు కంప్యూటర్ మీద సంగీతం కూర్చే ఒక కీబోర్డు ప్రోగ్రామర్ నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా స్క్రీన్ మీద తాళాన్ని సమాన గడులుగా కోసే గ్రిడ్డు గీతల మీద క్షేమం. గీతకు అటు ఒకడు లేడు, ఇటు ఒకడు లేడు. అంతా తమరి చలవే.

ఫిర్యాదుకు ముందు వంశప్రశస్తి చెప్పుకోవడం మర్యాద. 1980లో రోజర్ లిన్ అనే అమెరికా గిటారిస్టు ఎల్ఎం-1 డ్రమ్ మెషిన్ తెచ్చినప్పుడు తమరు అందులో కొలువుదీరారు. కాస్త అటో ఇటో పడ్డ దెబ్బను దగ్గర్లో ఉన్న గీత మీదికి లాగడం అప్పట్లో పెద్ద వింత. ఆ పెద్దమనిషి అదే పెట్టెలో స్వింగ్ కూడా పెట్టాడు, అంటే రెండో దెబ్బను కావాలనే కొంచెం ఆలస్యం చేసే ఏర్పాటు. ఆ సంగతి తమరి భక్తులు ఎవరూ చెప్పరు. ఆ తర్వాత 1983లో రెండు వేరు వేరు కంపెనీల సింథసైజర్లను తీగతో కలిపి అందరి ముందూ మాట్లాడించారు, వాద్యాల ఉమ్మడి భాష మిడి వచ్చింది. మిడిలో శబ్దం ఉండదు. ఏ మీట, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, అంతే లెక్క. లెక్కల పుస్తకం ఉన్నాక దిద్దేవాళ్లు రాకుండా ఉంటారా! తమరు అక్కడికీ వచ్చారు.

ఇక విషయానికి వస్తాను. మా దగ్గర ఫోక్ సాంగులకు ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించే అన్న ఒకాయన ఉన్నాడు. డప్పు మీద పెరిగిన చెయ్యి. ప్యాడ్స్ మీద కొట్టినా పెద్ద దెబ్బకు ఒక వెంట్రుకవాసి ముందు సన్నపుల్ల చప్పుడు ‘టిర్’మని పడుతుంది. రెండింటి మధ్య దూరం నా స్క్రీన్ మీద ముప్పై టిక్కులు ఉంటుందేమో. బీటుకు 480 టిక్కులు పెట్టుకుంటే, నిమిషానికి 120 బీట్ల టెంపోలో ఒక టిక్కు అంటే సుమారు సెకనులో వెయ్యో వంతు. ఆ ముప్పై టిక్కుల సందులోనే దరువు ఉంది. ప్రొడ్యూసర్ సార్ నా కుర్చీ వెనక నిలబడి, “బ్రదర్, ఏదో బటన్ ఉంటది కదా, క్యూ, అది కొట్టు, టైట్ అయితది” అన్నారు. అనడమేమిటి, భుజం మీంచి చెయ్యి చాపి ఆయనే కొట్టారు. సన్నపుల్ల, పెద్ద దెబ్బ రెండూ ఒకే గీత మీదికి వచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ‘టిర్-ధమ్’ కాస్తా ‘ధప్’ అయింది.

అన్న హెడ్‌ఫోన్స్ తీసి నా మొహంలోకి చూశాడు. “గిది నేను కొట్టింది కాదు గదా తమ్మీ?”

“కొంచెం టైట్ చేసినం అన్నా.”

“టైట్ చేసిన్రా, చేతులు కట్టేసిన్రా?”

దీనికి తమరి దగ్గర జవాబు ఉంటే రాయగలరు.

పోనీ, దెబ్బలు దగ్గరైతే సర్దుకుందాం. అంకెలే తారుమారైతే? తకిట, తకిట అని తిశ్రంలో వాయించాడనుకోండి. బీటులో మూడు దెబ్బలు సమానంగా సున్నా, 160, 320 టిక్కుల దగ్గర పడతాయి. తమరు పదహారో వంతు గీతలు వేసుకుని కూర్చున్నారు: సున్నా, 120, 240, 360. ‘కి’ని 120కి లాగారు. ‘ట’ని 360కి తోశారు. త దగ్గర్నుంచి కికి ఒక గడి, కి నుంచి టకి రెండు గడులు, ట నుంచి మళ్లీ తకి ఒక గడి. బరాత్‌లో జనాన్ని ఎగిరించే నడక కుంటిదైపోయింది. అయినా తమరి లెక్కలో తప్పేమీ లేదు, ప్రతి దెబ్బా గీత మీదే ఉంది మరి! గ్రిడ్డును ట్రిప్లెట్‌కి, అంటే బీటుకు మూడు గీతలకు, మార్చుకోవాల్సింది మేమే అని తమరు అంటారు. నిజమే. కానీ ఏ గీతలైనా సరే, ఒకసారి నొక్కాక తమరు అడిగిన పాపాన పోలేదు కదా, “అయ్యా, ఇది మూడా, నాలుగా?” అని.

కీబోర్డు మీద వాయించే నాదస్వరం సంగతి మరీ ఘోరం. కుడిచేత్తో స్వరం నొక్కుతూ ఎడమచేత్తో శ్రుతిని వంచే పిచ్ బెండ్ చక్రం ఊపితే తోడి రాగంలో గాంధారానికి ఏదో కొంత గమకం వస్తుంది. స్వరాలకు మిడిలో 128 అంకెలే, సున్నా నుంచి 127 దాకా. బెండ్‌కి మాత్రం 16,384 మెట్లు. పాపం, ఆ విషయంలో మిడి మనల్ని బాగానే చూసింది. అయితే ఆ ఊపు స్వరంలో భాగం కాదు, కింద వేరే గీతలో వేరే చుక్కలుగా రాసి ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆ చుక్కల్ని కూడా స్వరంతోపాటు కదిలించే గడి ఒకటి ఉంటుంది. దానికి టిక్కు పెట్టకపోతే తమరు స్వరాన్ని లాక్కుపోతారు, గమకం పాత చోటే ఉండిపోతుంది. స్వరం వచ్చేసరికి సగం ఊపు అయిపోయి ఉంటుంది, లేదా స్వరం వచ్చి నిలబడి గమకం కోసం ఎదురు చూస్తుంది. వేణువు ప్యాచ్‌కి, అంటే కీబోర్డులోని వేణువు శబ్దానికి, ఇంకో కష్టం. ఒక స్వరం వదలకముందే రెండోది నొక్కితేనే అది జారుతూ పలుకుతుంది. తమరు మొదళ్లను సరిచేసి, తోకలు కూడా కత్తిరించేసరికి ఆ రవ్వంత కలయిక పోయి, ఒక్కో స్వరం మళ్లీ కొత్తగా ఊదినట్టు వినపడుతుంది.

ఇంత చేసి, ప్రాణం పోయాక, తమరి తమ్ముడు హ్యూమనైజ్ గారిని పంపుతారు. ఆయన ఒక్కో దెబ్బను ఎటు పడితే అటు నాలుగైదు టిక్కులు జరిపి, గట్టిదనాన్ని కూడా తోచినట్టు తగ్గించి పెంచి, “ఇదిగో ఫీల్” అంటాడు. గుండు చేయించి విగ్గు అమ్మే వ్యాపారం ఇంటిల్లిపాదీ బాగానే నడుపుతున్నారు. కానీ మా అన్న ఆలస్యం లాటరీ కాదండీ. గాయని ఊపిరి తీసుకునే చోట ఆయన చెయ్యి వెనక్కి వాలుతుంది. కోరస్ అందుకునే ముందు చివరి రెండు దెబ్బలు ముందుకు తోస్తాడు. చరణం రెండోసారి వచ్చినప్పుడు మళ్లీ అక్కడే వాలతాడు, అంతే వాలతాడు. అది తెలిసి చేసే పని. దాన్ని తుడిచేసి పాచికలు వేస్తే వచ్చేది తడబాటు, ఫీల్ కాదు.

తమరి వియ్యంకుడు, ఒకే ముక్కను మళ్లీ మళ్లీ తిప్పే లూప్ గారి మీద విడిగా రాద్దామనుకున్నాను. ఇద్దరూ ఒకే కంచంలో తింటారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. చెయ్యి తిరిగిన వాడు మొదటి దెబ్బను సాధారణంగా రవ్వంత ముందే వేస్తాడు. ఆ దెబ్బ బారు (నాలుగేసి బీట్ల చుట్టు) మొదటి గీతకు ఇరవై టిక్కులు ఎడమవైపు పడుతుంది. నాలుగు బార్లు కొలిచి గీత మీద కత్తిరిస్తే అది బయట ఉండిపోతుంది. లూప్ తిరిగిన ప్రతిసారీ సమం మీద దెబ్బ లేదు! తిరుగుతున్న లూప్‌లోనే రికార్డు చేస్తే, ఆ తొందరపడ్డ దెబ్బ నాలుగో బారు చివర్న నమోదవుతుంది. అప్పుడు తమరు ప్రవేశించి దాన్ని “దగ్గరి గీత” మీదికి, అంటే అయిదో బారు మొదటికి, లూప్ సరిహద్దు అవతలికి నెడతారు. స్క్రీన్ మీద కనపడుతుంది, చెవికి వినపడదు. క్రమం తెలిసినవాడు ముందు ఆ దెబ్బను సరిచేసి తర్వాత కత్తిరిస్తాడు. ఆ క్రమం ఏ మెనూలోనూ రాసి ఉండదు.

స్వరాన్ని నిలబెట్టే పెడల్ తొక్కి ఉండగా లూప్ కట్ చేస్తే స్వరాలన్నీ వదలకుండా మోగుతూ పోవడం, బెండ్ చక్రం మధ్యకు రాకముందే కట్ చేస్తే రెండో చుట్టులో శ్రుతి తప్పడం, ఇవి చిల్లర దొంగతనాలు, వదిలేస్తున్నాను. ఏడక్షరాల తాళం మిశ్రచాపు మాత్రం వదలను. చాలా సాఫ్ట్‌వేర్లు తెరవగానే నాలుగు బీట్ల బారు, 120 టెంపో ఇచ్చి కూర్చోబెడతాయి. బీటుకు రెండు అక్షరాల చొప్పున నాలుగు బార్లంటే 32 అక్షరాలు. ఏడక్షరాల కీర్తన నాలుగు ఆవృతాలు వేస్తే 28. మిగిలిన నాలుగు ఎవరికి? అయిదో ఆవృతం సగంలో ఉండగా లూప్ గారు మెడపట్టి మొదటికి లాక్కొస్తారు. బారును ఏడుకు మార్చుకుందామంటే ప్రొడ్యూసర్ సార్, “ఆ ఎక్స్‌ట్రా కట్ చేసెయ్ బ్రదర్, దేవుడి పాటే కదా” అన్నారు.

ఒక నాలుగు బార్ల ధోలక్ లూప్ 120 టెంపోలో ఎనిమిది సెకన్లు. నాలుగు నిమిషాల పాటలో ముప్పై సార్లు తిరుగుతుంది. ముప్పై సార్లూ ఒకటే చెయ్యి, ఒకటే బలం, అదే రెండో బారు చివర్న అదే చిన్న తిప్పు. పల్లవి అయినా, గాయని ఏడ్చే చరణమైనా ఆయనకు పట్టదు.

తమరు అవసరం లేదని నేను అనడం లేదు. డీజే రీమిక్సులో కిక్ డ్రమ్ గీత మీదే ఉండాలి, తమరే కూర్చోబెట్టాలి. ల్యాప్‌టాప్ తడబడి టేకులో దెబ్బలు ఒక్కోటి ఒక్కోలా వెనకబడితే తమరే దిక్కు. స్ట్రెంగ్త్‌ను, అంటే లాగే బలాన్ని, వందకు నలభైకి తగ్గిస్తే తమరు కూడా మనిషిలాగే ప్రవర్తిస్తారు: తప్పిన దెబ్బను సగానికి కాస్త తక్కువ దారి దాకా తీసుకొచ్చి వదిలేస్తారు. ఎవరూ తగ్గించరు. వందతో పుట్టి వందతోనే కాపురం. పైగా నొక్కినా పాత చోటు గుర్తుంటుంది, వెనక్కి తీసుకోవచ్చు అని ధైర్యం చెబుతారు. ఫ్రీజ్ చేసి, అంటే మార్పును ఖాయం చేసి, సేవ్ చేసి ఫైలు పంపేశాక ఆ గుర్తు కూడా ఉండదు.

అందుకని నా వంతు ఏర్పాటు నేను చేసుకున్నాను. షార్ట్‌కట్ల జాబితా తెరిచి క్యూ మీట నుంచి తమరిని దింపి, అక్కడ సేవ్ పెట్టాను. నిన్న అన్న మళ్లీ వచ్చి వాయించాడు. ప్రొడ్యూసర్ సార్ మామూలుగానే నా భుజం మీంచి చెయ్యి చాపి రెండుసార్లు క్యూ కొట్టి, ప్లే చేసి, తల ఊపారు.

“చూసినవా బ్రదర్? ఇప్పుడు టైట్‌గ ఉంది.”

ఇట్లు,
తమరి విధేయుడు కాని
ఒక ప్రోగ్రామర్