ఒక్క అపస్వరం ఇప్పించండి

సంగీతం వినేవారి పక్షాన, అందులోనూ వినడంకన్నా తప్పులు పట్టడంలో ఎక్కువ అనుభవం గడించిన వారి పక్షాన, ఈ ఫిర్యాదును సవినయంగా సమర్పించుకుంటున్నాను. ప్రతివాది పేరు యాషా హైఫెట్జ్, వృత్తి వయొలిన్ వాదనం. 1901లో విల్నియస్‌లో పుట్టి 1987లో లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూసిన ఈ విద్వాంసుడు కచేరీలు చేసుకుని తన దారిన తాను వెళ్ళిపోయి ఉంటే ఆయనతో మాకు ఏ పేచీ ఉండేది కాదు. సభలో వాయించినది సభ ముగియగానే గాలిలో కలిసిపోతుంది. ఆ తరువాత ఎవరి జ్ఞాపకం వారిది, ఎవరి కోతలు వారివి. ఆయన అంతటితో ఊరుకోలేదు, రికార్డులు ఇచ్చారు. 1994లో ఆర్‌సీఏ అనే రికార్డుల సంస్థ వాటిని ఏర్చి కూర్చి ఒకచోట చేరిస్తే 65 సీడీలయ్యాయి. స్వరలిపి ఒక చేత్తో, పెన్సిలు మరో చేత్తో పట్టుకుని ఆ 65లో ఒక్క గట్టి తప్పు కోసం వెతికి వెతికి అలసిపోయినవాడి కడుపుమంట ఇది అని పాఠకులు అనుకోవచ్చు. నేను మాత్రం దీన్ని ప్రజాప్రయోజన వ్యాజ్యం అంటాను.

పూర్వులు ఇటువంటి పని చేయలేదు. వయొలిన్ విద్వాంసుడు పగనీని 1840లో, ధ్వనిని పట్టి ఉంచే యంత్రం పుట్టకముందే కాలం చేసి, భావితరాల శ్రోతల పట్ల గొప్ప మర్యాద పాటించారు. ఆయన సైతానుకు ఆత్మను అమ్ముకుని విద్య సంపాదించారని జనం చెప్పుకున్నారు. రికార్డు ఒక్కటి దొరికి ఉంటే, సైతాను శ్రుతిని సరిగ్గా చూసుకున్నాడా లేదా అని మేము ఈపాటికి తేల్చి ఉండేవాళ్ళం. ఆ తరువాతి వయొలిన్ విద్వాంసులు యోఆఖిమ్ 1903లోనూ, సరసాతే 1904లోనూ రికార్డులు ఇచ్చిన మాట నిజమే గానీ, ఆ కాలపు యంత్రానికి దయాదాక్షిణ్యాలు ఉండేవి. స్వరం కొంచెం పక్కకు జరిగినట్టు అనిపిస్తే ‘పాపం, పాత రికార్డు’ అని, నిండుగా వినిపిస్తే ‘ఆహా, ఏమి నాదం’ అని తోచినట్టు చెప్పుకునే స్వేచ్ఛ శ్రోతకు మిగిలేది. ఆ పాత రికార్డుల హోరు చాటున వాద్యకారుడి పరువూ, మా పాండిత్యమూ రెండూ భద్రంగా ఉండేవి.

1917 అక్టోబరు 27న, 16 ఏళ్ళ వయసులో, న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో హైఫెట్జ్ అమెరికాలో తొలి కచేరీ చేశారు. శ్రోతల్లో కూర్చున్న వయొలిన్ విద్వాంసుడు మిషా ఎల్మన్ ‘ఇక్కడ ఉక్కగా ఉంది కదూ’ అంటే, పక్కనున్న పియానో విద్వాంసుడు గొడోవ్‌స్కీ ‘పియానో వాళ్ళకేమీ లేదే’ అన్నారని ఒక కథ ప్రసిద్ధం. ఆ ఉక్క ఆ ఒక్క హాలుకే పరిమితమైతే ఎంత బాగుండేది! సరిగ్గా 13 రోజుల తరువాత, నవంబరు 9న, విక్టర్ కంపెనీవారు ఆయనను న్యూజెర్సీలోని కామ్డెన్‌లో రికార్డింగు కొమ్ము ముందు నిలబెట్టారు. అప్పటికి రికార్డింగులో మైక్రోఫోను లేదు. విద్యుత్తుతో రికార్డు చేసే పద్ధతి 1925లో గానీ వాడుకలోకి రాలేదు. నాదమే కొమ్ములో దూరి, పలుచని పొరను కదిలించి, సూది చేత మైనం మీద గీత గీయించుకోవాలి. అంతటి మోటు సాధనంలోంచి కూడా ఆ కుర్రవాడి స్వరాలు ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా రాలిపడడం మా పాలిట తొలి దుర్ఘటన.

తప్పు లేని రికార్డు విన్నప్పుడు మా వంటివారు వెంటనే అనవలసిన మాట ఒకటుంది: ‘అతుకులు వేసి ఉంటారు.’ టేపు వచ్చిన తరువాత బాగున్న ముక్కలు కోసి అంటించుకునే వీలు కలిగింది గనుక, ఎంతటి విద్వాంసుడినైనా ఈ ఒక్క మాటతో నేలకు దించవచ్చు. దౌర్భాగ్యమేమంటే హైఫెట్జ్ దగ్గర ఈ ఆయుధం సగం జీవితకాలానికే పనిచేస్తుంది. బీచమ్ వాద్యబృందాన్ని నడిపిస్తుండగా ఆయన సిబేలియస్ రచించిన కన్చెర్టోను, అంటే ఒక వాద్యకారుడు వాద్యబృందంతో కలిసి వాయించే పెద్ద రచనను, రికార్డు చేసినది 1935లో. అప్పటికి స్టూడియోల్లో టేపు లేదు. మైనపు పలక తిరుగుతున్నంతసేపూ, అంటే ఒక వైపుకు నాలుగు నిమిషాల పైచిలుకు, ఏకబిగిన వాయించాలి. ఎక్కడ తప్పినా ఆ పలకను పక్కన పడేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. (ముక్కకూ ముక్కకూ నడుమ ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికేది గదా అని మా వర్గంలో ఒక వాదం ఉంది. ఆ కన్చెర్టో చివరి భాగంలో నాలుగు నిమిషాలు వాయించి వచ్చినవారు ఆ వాదాన్ని నిరభ్యంతరంగా కొనసాగించవచ్చు.) అంతకు ముందు ఏడాది, 1934లో, ఇదే కన్చెర్టోను ఆయన మరో వాద్యబృంద నిర్వాహకుడు స్టొకోవ్‌స్కీతో కలిసి రికార్డు చేస్తే, అది అప్పట్లో విడుదల కాలేదు. విడుదల కాలేదంటే లోపం ఉండే ఉంటుందని సంబరపడి, దశాబ్దాల తరువాత వెలుగు చూసిన ఆ రికార్డును చెవులు రిక్కించి విన్నాను. ఇతరులు జీవితసాఫల్యంగా చెప్పుకోదగిన దానిని పక్కన పడేసే అలవాటు ఉన్న మనిషి మీద ఫిర్యాదు చేయక ఇంకేం చేయాలి?

తప్పు దొరకనప్పుడు హృదయం మీద పడడం మా శాస్త్రంలో రెండవ అధ్యాయం. హైఫెట్జ్ వాద్యం చల్లగా ఉంటుందని, అందులో ఆర్ద్రత లేదని తరతరాలుగా చెబుతూ వస్తున్నాం. దీనికి మూలం ఆయన ముఖం. వేదిక మీద ఎంత కష్టమైన చోటయినా ఆయన ముఖంలో ఒక్క కండరమూ కదిలేది కాదు, ఒళ్ళు ఊగేది కాదు. రికార్డులో ముఖం కనిపించదు గదా అని మీరు అడగవచ్చు. శిక్షణ పొందిన శ్రోతకు వినిపిస్తుంది. అట్ట మీది ఫొటోను ఒకసారి చూసుకుని కూర్చుంటే ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. 1940లో వర్జిల్ థామ్సన్ అనే అమెరికన్ విమర్శకుడు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆయనది పట్టు లోదుస్తుల సంగీతమని తీర్పు చెప్పారు. ఆ పోలిక నాకు ఈనాటికీ పూర్తిగా అర్థం కాలేదు గానీ, అర్థం కాకుండానే చాలాచోట్ల వాడి మెప్పు పొందాను. వేగం సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆయన వాయించే లయలో వాయించలేనివారంతా అది వాయించదగిన లయ కాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత మనకు ఎలాగూ ఉంది. రికార్డుల్లో మైకును ఆయన దగ్గరగా పెట్టించి, వందమంది వాద్యబృందాన్ని వెనక్కి నెట్టారన్న ఆరోపణ ఒక్కటే కాస్త నిలబడేది. అయితే అంత దగ్గరగా పెట్టిన మైకు దాచవలసినవాటిని కూడా దాచదని, తప్పు చేసేవాడు మైకును దూరంగా పెట్టించుకుంటాడని ప్రతివాది తరఫువారు అంటే ఏం చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇక నేను స్వయంగా నష్టపోయిన సంగతికి వస్తాను. ఒకనాడు ఒక మిత్రుడు బాఖ్ రచించిన రెండు వయొలిన్ల కన్చెర్టోను వినిపించి, ఎవరెవరో చెప్పకుండా నా అభిప్రాయం అడిగాడు. మొదటి వయొలిన్ హైఫెట్జ్‌దని క్షణంలో పోల్చుకున్నాను; ఆ పదును, ఆ తొందర ఇంకెవరికి వస్తాయి? ఆ తరువాత కళ్ళు మూసుకుని రెండవ వయొలిన్ గురించి చాలాసేపు మాట్లాడాను. ‘చూడు, ఇతనికి అంత పేరు ఉండకపోవచ్చు గానీ ఇతనిది మనసుతో వాయించే వాద్యం, మొదటివాడు స్వరాన్ని విసిరివేస్తుంటే ఇతను దాన్ని ఎంత వినయంగా అందుకుని, ఎంత ప్రేమగా తిరిగి ఇస్తున్నాడో చూడు, మహావృక్షం నీడలో ఇటువంటి మొక్కలు ఎన్ని వాడిపోయాయో’ అని గొంతు గద్గదమయ్యేదాకా చెప్పాను. మిత్రుడు అంతా విని, అట్టను నా చేతికి ఇచ్చాడు. అది 1946 నాటి రికార్డు. రెండు వయొలిన్లూ హైఫెట్జే వాయించారు. ఒక భాగం ముందుగా రికార్డు చేసి, దాన్ని వింటూ రెండవ భాగాన్ని తానే జతచేశారు. తనకు పక్కన నిలబడే మనిషిని కూడా తనలోంచే తీసుకున్న ఈ స్వార్థాన్ని ఏమనాలి? 1961లో అదే కన్చెర్టోను తన శిష్యుడు ఎరిక్ ఫ్రీడ్‌మన్‌తో కలిసి మళ్ళీ రికార్డు చేశారు గానీ, అప్పటికి నాకు జరగవలసిన అవమానానికి సామగ్రి సిద్ధమై పదిహేనేళ్ళయింది.

అదే 1946లో ఆయన జిమ్ హోయల్ అనే మారుపేరుతో ఒక సినిమా బాణీ వంటి తేలికపాటి పాట కట్టి, దాన్ని అమెరికన్ గాయకుడు బింగ్ క్రాస్బీ చేత పాడించుకునేదాకా వెళ్ళారు. ఇంగ్లీషులో రాస్తే మారుపేరు మొదటి అక్షరాలు (J.H.) అసలు పేరువే. అంత బాహాటంగా దొరికిపోవడానికి సిద్ధపడిన మనిషిని మేము పట్టుకోలేకపోవడం మా వృత్తికే తలవంపులు.

ఒకే రచనను పదేపదే రికార్డు చేయడం మరొక నేరం. చైకోవ్‌స్కీ కన్చెర్టో 1937లో బార్బిరోలీతో, 1950లో సుస్కిండ్‌తో, 1957లో రైనర్‌తో, ఇలా ముగ్గురు వాద్యబృంద నిర్వాహకులతో మూడుసార్లు చేశారు. ఈ మూడింటిలో ఏది గొప్పదన్న ప్రశ్న మీద మా బృందం మూడు ముక్కలైంది. 1937 వారు 1957 వారిని యంత్రభక్తులంటారు, 1957 వారు 1937 వారిని హోరుభక్తులంటారు. 1950 వారిని ఇద్దరూ పలకరించరు. కోడిగుడ్డుకు ఈకలు పీకే ఈ మహాయజ్ఞంలో చైకోవ్‌స్కీ ఏమి రాశారన్న సంగతి ఎవరికీ తలపుకు రాదు, రావలసిన అవసరమూ లేదు.

అయితే అసలు దెబ్బ తగిలినది మాకు కాదు, బతికి ఉన్న వాద్యకారులకు. ఇటీవల ఒక సభలో ఒక యువతి ఇదే చైకోవ్‌స్కీ కన్చెర్టోను వాయించింది. నెమ్మదైన రెండవ భాగాన్ని కమాను తీగను తాకుతోందా లేదా అన్నంత మెత్తగా మొదలుపెట్టినప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టింది. నేను ఎదురుచూస్తున్నది మూడవ భాగం. అక్కడ ఒక ఎగువ స్వరం దగ్గర ఆమె వేలు రవంత తడబడింది. నేను పక్క కుర్చీ ఆయన వైపు తిరిగి తల పంకించాను. ఆయన కూడా అప్పటికే పంకిస్తున్నారు. మేమిద్దరం ఒకరికొకరం అపరిచితులమే అయినా ఆ క్షణాన ఒకే గురువు శిష్యుల్లా కరిగిపోయాం. ఆ అమ్మాయి పక్కనే హైఫెట్జ్ నిలబడి వాయిస్తున్నట్టు, ఆమెను మేము ఆయనతో కలిపి వింటున్నామని ఆమెకు తెలియదని అనుకోకండి. ఆమె కూడా ఆ రికార్డులు వింటూనే పెరిగి ఉంటుంది. రాత్రి పడుకునేముందు సాధన గదిలో ఆమెకు తోడుండేది ఆయనే, తెల్లవారి లేవగానే ఎదురయ్యేదీ ఆయనే.

దీనికి విరుగుడును నాటకకర్త బెర్నార్డ్ షా 1920లోనే సూచించారు. లండన్‌లో 19 ఏళ్ళ హైఫెట్జ్ వాద్యం విని వచ్చిన ఆయన, ఇంత మానవాతీతంగా వాయిస్తే దేవుడికి అసూయ కలిగి నీ ఆయుష్షుకు ముప్పు వస్తుంది, కనుక ప్రతి రాత్రి ప్రార్థనకు బదులు ఏదో ఒకటి చెడగొట్టి వాయించి పడుకో అని ఉత్తరం రాశారు. మన భాషలో చెప్పాలంటే దిష్టిచుక్క పెట్టుకోమన్నారు. ప్రతివాది ఆ సలహాను పాటించినట్టు 65 సీడీల్లో దాఖలాలు లేవు. పైగా 86 ఏళ్ళు బతికి షాగారి శాస్త్రాన్నే అబద్ధం చేశారు. కనుక నా ప్రార్థన ఏమంటే, ఈ రికార్డులను ఇకమీదట విడుదల చేసేవారు ఒక్కొక్క దానిలో, శ్రోతల మానసిక ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని, చట్టబద్ధంగా ఒక అపస్వరం చేర్చాలి. ఎక్కడ చేర్చారో అట్ట మీద ముద్రించకూడదు. వెతుక్కునే హక్కు మాకు వదిలేయాలి.

న్యాయంగా చెప్పవలసిన ఒక సంగతి ఉంది. 1972 అక్టోబరు 23న లాస్ ఏంజెలెస్‌లో ఆయన చేసిన చివరి కచేరీని సభలోనే రికార్డు చేశారు. అప్పటికి ఆయనకు 71 ఏళ్ళు. వయొలిన్, పియానో కలిసి వాయించే సొనాటాలు రెండు, ఫ్రాంక్‌ది ఒకటి, రిఖర్డ్ స్ట్రాస్‌ది ఒకటి, రవేల్ రచన ‘సిగాన్’ వంటి బరువైనవాటినే ఎంచుకున్నారు. అందులో ఒకచోట స్వరం తన స్థానానికి వెంట్రుకవాసి ఇవతల పడిందని నా నమ్మకం. ఎక్కడో చెప్పను, చెబితే అందరూ వింటారు. మొదటిసారి విన్నప్పుడు పెన్సిలు చేయి జారింది. మిత్రుడికి వినిపిస్తే ‘పెద్దవాడైపోయాడు పాపం’ అన్నాడు. చల్లని మనిషి అని యాభై ఏళ్ళు ఆడిపోసుకున్న మేము, వెచ్చదనం కనబడగానే దాన్ని వయసు ఖాతాలో రాసేశాం.

ఆ చోటును నేను ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. అది ఏ ఊపిరి తరువాత వస్తుందో నాకు కంఠతా వచ్చు. ముందుగా కాచుకుని కూర్చుంటాను. అది ఒక్కనాడూ తొందరపడి రాలేదు, ఒక్కనాడూ ఆలస్యం చేయలేదు. రికార్డులో తప్పు కూడా తప్పదు. పోయిన నెలలో ఆ యువతే ఆ రచనను వాయిస్తోందని తెలిసి సభకు వెళ్ళాను. ఆ చోటు వచ్చింది. ఆమె ఆ స్వరాన్ని ఎక్కడ పెట్టాలో సరిగ్గా అక్కడే పెట్టింది. నేను ఉలిక్కిపడి పక్క కుర్చీ ఆయన వైపు తిరిగి, ‘ఇక్కడ తప్పింది, విన్నారా?’ అన్నాను.