మా ఇంట్లో ఉల్లిగడ్డా, ఉల్లిపాయా రెండూ ఉండేవి

సినిమాల్లో తెలంగాణ యాస మీద కామెడీ పూర్తిగా మానేయాలంటూ వచ్చిన ఒక వ్యాసంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. వ్యాసకర్త బాధ నిజమే. ఏళ్ల తరబడి మన సినిమాల్లో తెలంగాణ మాట రౌడీకో, కమెడియన్‌కో తప్ప హీరోకి దక్కలేదు. థియేటర్లో అందరూ నవ్వుతుంటే పక్కన మా అమ్మ మౌనంగా కూర్చోవడం చూశాను.

అమ్మది కరీంనగర్, నాన్నది తెనాలి. 2011లో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. టీవీ పెడితే చాలు, ఇంట్లో టెన్షన్. ఒకరోజు నాన్న సంచీతో గుమ్మంలోకి రాగానే అమ్మ, "మీ ఉల్లిపాయలు తెచ్చిన్రా, మా ఉల్లిగడ్డలా?" అంది. "రెండూ కలిపే తూకం వేయించాను, నువ్వే ఏరుకో" అన్నాడు నాన్న. వారం తర్వాత ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదటిసారి. రాజకీయంగా ఎవరి అభిప్రాయం వాళ్లదే, ఇప్పటికీ.

కాబట్టి నా దృష్టిలో అసలు సంగతి, ఆ జోకు ఎవరి నోట వస్తోందన్నది. కమెడియన్‌గా పేరు తెచ్చుకున్న వేణు యెల్దండి 2023లో తెలంగాణ యాసలోనే 'బలగం' సినిమా తీశాడు. అందులో నల్లి బొక్క (మూలుగ ఉండే మటన్ ఎముక) దగ్గర అల్లుడు అలిగిన గొడవకు మా తెనాలి బాబాయి కూడా పడీ పడీ నవ్వాడు, చివర్లో కళ్లు తుడుచుకున్నాడు. అక్కడ యాసను ఎవరూ వెక్కిరించలేదు, ఆ యాసలో మనుషులు బతికారు. అలాంటి కామెడీని కూడా ఆపేయమంటే ఎలాగండీ?