మనస్సాక్షికి ముందస్తు నోటీసా?

కేరళలో కొట్టాయం జిల్లా కిడంగూరు హైస్కూలు నుంచి 1985 జులైలో ముగ్గురు తోబుట్టువులను పంపించేశారు. ఒకరిది పదో తరగతి, ఒకరిది తొమ్మిది, ఇంకొకరిది ఐదు. వాళ్లది యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. పొద్దున్నే అందరూ జాతీయగీతం పాడుతుంటే ఆ పిల్లలు లేచి మర్యాదగా నిలబడేవారు, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు మాత్రం కాదు. ఆ విషయం ఒక ఎమ్మెల్యే దృష్టికి వచ్చి శాసనసభ దాకా వెళ్లింది. విచారణ జరిపిన కమిషన్ ఈ పిల్లలు బుద్ధిమంతులేనని, గీతాన్ని అవమానించలేదని తేల్చింది. అయినా బడి వారిని మళ్లీ రానివ్వలేదు. హైకోర్టులోనూ వారికి న్యాయం దొరకలేదు.

1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసి, పిల్లలను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. జాతీయగీతం పాడి తీరాలని ఏ చట్టంలోనూ లేదని, లేచి నిలబడటమే గౌరవమని ఆయన చెప్పారు. మా దృష్టిలో ఆ తీర్పులో అంతకంటే విలువైన మాట మరొకటి ఉంది. ఒక విశ్వాసం మన బుద్ధికి నచ్చిందా, మన మనసును కదిలించిందా అన్నది న్యాయస్థానం అడగవలసిన ప్రశ్న కాదు. దాన్ని నమ్మినవారు నిజాయితీగా నమ్ముతున్నారా లేదా అన్నదే ప్రశ్న. మెజారిటీకి వింతగా తోచిన విశ్వాసానికి కూడా రక్షణ దొరికింది ఆ ఒక్క కొలమానం వల్లే.

రాజ్యాంగం 25వ అధికరణం కూడా మొదట చెప్పేది అంతఃకరణ స్వేచ్ఛ గురించే. మతాన్ని ప్రకటించుకోవడం, ఆచరించడం, ప్రచారం చేయడం ఆ తర్వాత వస్తాయి. ఏ దేవుణ్నీ నమ్మనివారికీ ఆ మొదటి మాటలోనే చోటుంది. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్న నాస్తికోద్యమ నాయకుడు గోరాకు అప్పట్లో ఆ రక్షణ లేదు. ఇప్పుడైతే ఉంది, ఉండాలి కూడా.

ఆ రక్షణనే కొన్ని రాష్ట్రాల మతమార్పిడి చట్టాలు ఈరోజు కలెక్టరు బల్ల మీదికి చేర్చాయి. ఉత్తరప్రదేశ్ 2021 చట్టం ప్రకారం మతం మారదలచినవారు 60 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. మారడం వెనుక అసలు ఉద్దేశం ఏమిటో పోలీసులు విచారిస్తారు. మారాక మరో ప్రకటన ఇవ్వాలి, దాన్ని ఆఫీసు నోటీసు బోర్డులో పెడతారు. ముందస్తు సమాచారం ఇవ్వకపోతే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. మునుపటి మతానికి తిరిగి వెళ్లేవారికి మాత్రం ఈ బాధ్యతలేవీ లేవు, అదసలు మతమార్పిడే కాదని ఆ చట్టమే అంటుంది. ఒక దిక్కుకు వెళ్లేవాణ్ని మాత్రమే ఆపి ప్రశ్నించే చట్టాన్ని తటస్థమైనదని మేము ఎలా ఒప్పుకోగలం?

బలవంతంగా, మోసంతో మతం మార్చడం నేరమే. దాన్ని శిక్షించాలన్న విషయంలో మాకు రెండో అభిప్రాయం లేదు. ఇతరులను మార్చే ప్రాథమిక హక్కు ఎవరికీ లేదని 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. కానీ తనంతట తాను మనసు మార్చుకున్న మనిషి ఆ తీర్పులో దోషి కాడు. హిమాచల్ ప్రదేశ్ చట్టంలోని 30 రోజుల నోటీసు నిబంధనను 2012లో అక్కడి హైకోర్టు కొట్టేస్తూ, విశ్వాసాన్ని మార్చుకునే హక్కుతో పాటు దాన్ని గుట్టుగా ఉంచుకునే హక్కు కూడా మనిషికి ఉందన్నది. 2019లో ఆ రాష్ట్రమే కొత్త చట్టంలో నోటీసును మళ్లీ తెచ్చింది. ఊళ్లో ఒక దళిత మహిళ మతం మారాలనుకుంటే ఆ సంగతి ఆమె అత్తవారికీ, భూస్వామికీ, పోలీసులకూ రెండు నెలల ముందే తెలిసిపోతే ఏం జరుగుతుందో చట్టం రాసినవారికి తెలియదనుకోలేం.

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి నోటీసు చట్టం లేదు. అయితే మనస్సాక్షికి ఇక్కడ వేరే రకంగా వెల కట్టారు. షెడ్యూల్డు కులాలు ఏవో నిర్ణయించిన రాష్ట్రపతి 1950 ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు, సిక్కు, బౌద్ధుడు కానివారు షెడ్యూల్డు కులస్తులు కారు. 1878లో గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్క రోజులో రెండు వేల మందికి పైగా మాదిగలు బాప్తిస్మం తీసుకున్న నేల మనది. క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ కుటుంబాలకు కాగితం మీద దక్కేది బీసీ-సి కోటాలో ఒక్క శాతం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా పోతుంది. కానీ బావి దగ్గర, పొలం గట్టు మీద కులం పేరుతో తిట్టేవాడు అవతలి మనిషి ఆదివారం ఎక్కడికి వెళ్తాడని అడగడు. అందుకే కోస్తా జిల్లాల్లో ఎంతోమంది చర్చికి వెళ్తూనే సర్టిఫికెట్‌లో హిందువుగా ఉండిపోయారు. నమ్మిన మాట బయటికి చెప్పినవాడు నష్టపోతున్నాడు, దాచుకున్నవాడు నెట్టుకొస్తున్నాడు. దొరికిపోయినవాణ్ని మళ్లీ మోసగాడంటున్నాం. ఈ అబద్ధాన్ని ఆ కుటుంబాల మీదికి నెట్టింది ఉత్తర్వేనని మేము నమ్ముతున్నాం.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు ఇరవై రెండు శతాబ్దాల కిందట చెక్కించిన శాసనాల్లో, తన మతాన్ని పొగడటానికి పరమతాన్ని దూషించేవాడు తన మతానికే చేటు చేస్తాడన్న మాట ఉంది. ఆ మాటను ఒక చక్రవర్తి రాతి మీద రాయించిన నేలలో, ఎన్నికైన ప్రభుత్వాలు విశ్వాసాన్ని బట్టి పౌరుణ్ని విభజించడం మాకు బాధ కలిగిస్తోంది.

ముందస్తు నోటీసు నిబంధనలను రాష్ట్రాలు రద్దు చేయాలి. బలవంతం, మోసం జరిగాయని ఆరోపణ వస్తే మామూలు నేర విచారణ జరగాలి, రుజువు చేసే భారం ప్రభుత్వం మీదే ఉండాలి. ఇక 1950 ఉత్తర్వు సంగతి. మొదట హిందువులకే పరిమితమైన మూడో పేరాలోకి 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను పార్లమెంటు చేర్చింది. దళిత క్రైస్తవులను, దళిత ముస్లింలను చేర్చడానికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, సాధారణ చట్టం చాలు. ఆ బిల్లు తెమ్మని తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్టీలకు అతీతంగా అడగాలి.