భవానీ ద్వీపానికి కావాల్సింది షికారు పడవ కాదు, సర్వీసు పడవ

కృష్ణకు వరద హెచ్చరిక రాగానే విజయవాడలో ముందు ఆగేవి భవానీ ద్వీపం పడవలే. వాటిని ఆపితే ఎవరి పనీ ఆగదు. ఆఫీసుకు వెళ్లేవాడు, సంతకు వెళ్లేవాడు, బడికి వెళ్లే పిల్లలు ఆ పడవ ఎక్కరు కాబట్టి ఎవరూ అడగరు. నా అభ్యంతరమంతా ఇక్కడే. నది మీద ప్రయాణాన్ని మనం పూర్తిగా వినోదం ఖాతాలో వేసేశాం. ప్రమాదాలకు మూలం ఆ నిర్ణయమే.

ఈ పడవల కథను టూరిజం శాఖ రిసార్టుతో మొదలుపెట్టడం అలవాటైపోయింది. అంతకు వందేళ్ల ముందే బెజవాడ పెద్ద పడవల రేవు. 1850లలో కృష్ణ మీద ఆనకట్ట లేచాక వచ్చిన కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతో ఆగలేదు, మనుషులను, సరుకును మోశాయి. ఏలూరు కాలువలో బయలుదేరిన పడవ గోదావరి కాలువల్లోకి దాటి కాకినాడ చేరేది. పడమటి గట్టున కొమ్మమూరు కాలువ పట్టుకుంటే బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు వరకూ దారి ఉండేది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, ఎదురు ప్రవాహమైతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. లాకుల దగ్గర వంతు కోసం ఆగిన పడవల మీదే వంటలు, నిద్రలు. ఇంజన్లు వచ్చాక లాంచీలు, వాటితో పాటు లాంచీ నడిపే సరంగులు, వాళ్ల కింద పనిచేసే కళాసీలు వచ్చారు. రాజమండ్రి నుంచి గోదావరి మీద భద్రాచలం వైపు వెళ్లాలంటే లాంచీయే దిక్కైన కాలం పెద్దవాళ్లకు ఇంకా గుర్తుంది.

ఆ తర్వాత రోడ్లు వచ్చాయి, కాలువలు పూడిపోయాయి. అది తెలిసిన సంగతే. కానీ పడవతో పాటు ఇంకొకటి కూడా పోయింది. ఒకే రేవు నుంచి ఒకే దారిలో రోజూ పడవ నడిపే సరంగుకు ఏ మలుపులో సుడి ఉందో, ఏ నెలలో ఇసుక మేట ఎటు జరుగుతుందో, నీటి రంగు మారితే ఎగువన ఏం జరిగిందో తెలుస్తుంది. ఆ తెలివి సర్టిఫికెట్‌తో రాదు, రోజువారీ ప్రయాణంతోనే వస్తుంది. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యాక దాని ఎగువన నిలిచే నీరు నిశ్చలంగా కనిపిస్తుంది. దాదాపు 130 ఎకరాల భవానీ ద్వీపం ఆ నీటి మధ్యలోనే ఉంది. ఆ నిశ్చలత్వాన్ని నమ్మి సీజన్‌లో, సెలవు రోజుల్లో మాత్రమే పడవ నడిపేవాడికి నది ఎప్పటికీ పూర్తిగా అర్థం కాదు.

2017 నవంబర్ 12, కార్తీక మాసంలో ఆదివారం. గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం వైపు వెళ్తున్న ప్రైవేటు పడవ ఇబ్రహీంపట్నం ఫెర్రీ రేవు దగ్గర బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. చాలామంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. ఆ దారిలో నడవడానికి ఆ పడవకు అనుమతే లేదు. దానికి నెల రోజుల ముందే ముక్త్యాల నుంచి విజయవాడ వరకు జాతీయ జలమార్గం పనులకు శంకుస్థాపన జరిగింది. ఆ జలమార్గంలో నిజంగానే రోజూ టైముకు ప్రయాణికుల పడవలు నడుస్తూ ఉంటే, అనుమతి లేని పడవ జనాన్ని ఎక్కించుకుని రేవు దాటగలిగేదా?

రెండేళ్లు తిరగకుండానే, 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు ప్రమాదం. పాపికొండలు చూడటానికి వెళ్లినవాళ్లు వరద గోదావరిలో మునిగిపోయారు. ఆ పడవను నెల దాటాక బయటికి తీసింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. నీటిని నమ్ముకుని బతికినవాళ్ల అనుభవం విలువేమిటో ఆరోజు రాష్ట్రమంతా చూసింది. చూసి మెచ్చుకున్నాం. ఆ అనుభవాన్ని ఉద్యోగంగా మార్చే వ్యవస్థను మాత్రం పెట్టుకోలేదు.

ప్రభుత్వం నడిపితే నష్టాలొస్తాయని, ప్రభుత్వ పడవలూ మునుగుతాయని వాదించేవాళ్లున్నారు. నిజమే, 2002లో కేరళలోని కుమరకొంలో జల రవాణా శాఖ పడవే మునిగి 29 మంది చనిపోయారు. కానీ అక్కడ జవాబు చెప్పాల్సింది ఎవరో వెతకక్కర్లేదు. మన దగ్గర ప్రమాదం జరిగిన ప్రతిసారీ టూరిజం, జలవనరులు, పోర్టుల శాఖలు ఒకదాని వైపు ఒకటి వేలు చూపించుకోవడమే చూశాం.

కేరళ 1968లోనే జల రవాణాకు ప్రత్యేక శాఖ పెట్టుకుంది. అలప్పుళలో ఉద్యోగులు, విద్యార్థులు ఎక్కే పడవలోనే టూరిస్టు కూడా టికెట్ కొనుక్కుని ఎక్కుతాడు. 2023 ఏప్రిల్‌లో కొచ్చి వాటర్ మెట్రో మొదలైంది, దీవుల్లో ఉండేవాళ్లకు అది సిటీ బస్సు లాంటిది. రెండు వారాలకే అదే రాష్ట్రంలో, తానూరులో, ఒక ప్రైవేటు విహార పడవ మునిగి 22 మంది పోయారు. నా వాదనకు ఇంతకంటే పెద్ద ఆధారం అక్కర్లేదు.

మనకూ ఆ సంప్రదాయం పూర్తిగా పోలేదు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (బండ్లను కూడా ఎక్కించుకునే బల్లకట్టు లాంటి పడవ) మీద బండ్లు, మనుషులు ఇంకా గోదావరి దాటుతూనే ఉన్నారు. అయినా మన ప్రభుత్వాల చూపు ఎప్పుడూ పైకే. 2024 నవంబర్‌లో విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ట్రయల్ జరిగినప్పుడు ఎంత హడావుడి! దానికి రెండు నెలల ముందే, 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లను గుద్దాయి. నదిలో ఏ పడవ ఎవరిదో, ఎక్కడ కట్టి ఉందో లెక్క ఉండే రాష్ట్రంలో ఆ పరిస్థితి వస్తుందా? ఆకాశంలో ఎగరడానికి డబ్బుంటే, రేవులో సరంగుకు నెల జీతం ఇవ్వడానికి లేకపోవడం నాకు మింగుడుపడదు.

2021లో కేంద్రం పాత చట్టాన్ని తీసేసి కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం తెచ్చింది. రిజిస్ట్రేషన్, సర్వే, సిబ్బంది అర్హతలు అన్నీ అందులో ఉన్నాయి. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి, ఘాట్లకు కోట్లు ఎలాగూ ఖర్చు పెడతారు. అందులో కొంత తీసి పున్నమి ఘాట్, భవానీ ద్వీపం, పవిత్ర సంగమం, అమరావతి రేవులను కలుపుతూ ఏడాది పొడవునా టైమ్‌టేబుల్‌తో నడిచే ప్రభుత్వ పడవలు వేయాలి. టికెట్ ఆర్టీసీ ధరలోనే ఉండాలి, వరద వస్తే ఏ మట్టం దగ్గర సర్వీసు ఆపాలో రేవులోనే బోర్డు మీద రాసి పెట్టాలి, ఆ పడవల చుక్కాని ముందుగా నది ఒడ్డున పుట్టి పెరిగిన మత్స్యకారుల పిల్లల చేతికే ఇవ్వాలి.